రెండు చరిత్రలకీ అందని పిల్ల

తెలంగాణలో ఆడవాళ్ల పైచదువుల చరిత్ర మాకు రెండు భాషల్లో దొరుకుతుంది. రెండూ చదవగలం కాబట్టే రెండింటితోనూ మాకు పేచీ.

తెలుగులో ఆ కథ నారాయణగూడలో మొదలవుతుంది. 1928లో మాడపాటి హనుమంతరావు ఆంధ్ర బాలికల పాఠశాల పెట్టారు. తెలుగులో చెప్పే హైస్కూలు చదువుని నిజాం సర్కారు గుర్తించకపోతే, పిల్లల్ని పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకి పంపారు. ఆ పట్టుదలకి మా సలాం. కానీ ఈ కథలో ముసల్మానంటే సర్కారే. ముసల్మాను ఆడదంటే పర్దాయే.

ఉర్దూలో ఆ పర్దా వెనక మనుషులు కనిపిస్తారు. తయ్యబా బేగం బిల్‌గ్రామీ మద్రాసు విశ్వవిద్యాలయం బీఏ. సుగ్రా హుమాయూన్ మీర్జా నవలలు రాసింది, పత్రికలు నడిపింది, 1934లో సఫ్దరియా బడి పెట్టింది. 1924లోనే నాంపల్లిలో ఆడపిల్లలకి ఇంటర్మీడియట్ తరగతులొచ్చాయి. తెలుగు పాఠకులకి ఈ పేర్లు ఎందుకు చెప్పలేదని అడుగుతున్నాం.

అడిగి ఊరుకోం. తయ్యబా తండ్రి ఇమాదుల్ ముల్క్, రాజ్యం విద్యాశాఖకి అధిపతిగా చేసినవాడు. సుగ్రా భర్త బారిస్టరు. ఉర్దూ చరిత్ర వీళ్లని చూపించి 'మన ఆడవాళ్లు' అంటుంది. ఏ మనం?

మా మేడ్చల్ అప్పట్లో అత్రాఫ్ బల్దాలో ఉండేది. అంటే సర్ఫెఖాస్. ఇక్కడి శిస్తు నేరుగా నిజాం సొంత ఖజానాకి పోయేది. రైలూ ఊళ్లోంచే పోయేది. అయినా మా ఇళ్లలో ముసలమ్మలు ఖురాన్ చదివేవాళ్లు, ఉత్తరం రాయడం మాత్రం రాదు. చదవడం సవాబు, రాయడం బేషరమ్. మేడ్చల్ నుంచి నాంపల్లికి అడ్డుపడింది మైళ్లు కాదు, ఖాందాన్. 1919లో ఉస్మానియా ఉర్దూలో చదువు మొదలుపెడితే, ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల పిల్లకి ఒరిగిందేమిటి? 'రాజ్యం మీదే కదా, చదువుకోకపోతే తప్పెవరిది?' అని ఇవాళ్టికీ మమ్మల్ని అడుగుతారు. రాజ్యం నవాబులది. శిస్తు మాది.

నాంపల్లి తరగతులే పెరిగి కోఠీ మహిళా కళాశాల అయ్యాయి. ఇప్పుడది విశ్వవిద్యాలయం. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. బేగంల చదువు మొదలైన చోటికి కష్టజీవి పేరు చేరడానికి వందేళ్లు పట్టింది. శామీర్‌పేటలో న్యాయ విశ్వవిద్యాలయం మా గడప ముందుకే వచ్చింది. అందులో మా పిల్లలెందరని లెక్క తీయకుండా రాసే ఏ చరిత్రనీ, ఏ భాషలో ఉన్నా, మేం మాదనుకోం.