హిస్టమిన్ నేరమెంత?

దేహములో ఏ భాగమునకైనను రక్తము అందకపోయినచో ఆ భాగము చెడిపోవునని ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడ తెలియును. కాని ఆగిపోయిన రక్తము తిరిగి ప్రవహించుట మొదలైన పిమ్మట సైతము కొంత క్రొత్త హాని కలుగునని చెప్పినచో ఆ మాట వింతగా తోచును. ఎండిన చేనికి నీరు పెట్టినచో పైరు తేరుకొనవలెను గదా, చెడిపోవుట ఏమి? అయినను చాలకాలము ఎండి నెఱ్ఱెలు వారిన కాలువకు ఒక్కసారిగా నీరు వదలినచో గట్లకు గండ్లు పడుట మన రైతులు ఎరుగనిది కాదు. దేహములోని సూక్ష్మ రక్తనాళముల సంగతియు ఇంచుమించు ఇట్టిదే. ఈ హానికి పునఃప్రసరణ హాని అని పేరు.

ఈ గండ్లు కొట్టునది ఏది అను ప్రశ్నకు తరచుగా వినవచ్చు సమాధానము హిస్టమిన్. "రక్తము తిరిగి పారినప్పుడు హిస్టమిన్ విడుదలయై కణజాలమును పాడుచేయును" అను వాక్యము పొట్టిగా ఉన్నది. కంఠస్థము చేయుటకు సులభముగా కూడ ఉన్నది. కాని అది ఎట్టి సాక్ష్యముపై నిలిచియున్నది? అందులో నిజమెంత, తొందరపాటు ఎంత? దీనిని పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

హాని నిజమేనా?

మొదట హాని సంగతి చూతము. 1941లో లండన్ నగరముపై బాంబులు పడినప్పుడు శిథిలముల క్రింద కాలో చేయో చిక్కుకొనిన వారిని కొన్ని గంటలకు బయటికి తీసిరి. వారు మొదట బాగుగనే కనిపించిరి. పిమ్మట నలిగిన అవయవము వాచెను. రక్తపు పోటు పడిపోయెను. మూత్రపిండములు పనిచేయుట మానెను. కొన్ని దినములకు మరణించిరి. బైవాటర్స్, బీల్ అను వైద్యులు ఈ స్థితిని ఆ సంవత్సరమే వర్ణించిరి. బరువు తొలగి రక్తము తిరిగి పారిన తరువాతనే ఉపద్రవము బయటపడుట ఇందులో గమనింపదగినది. 1960లో జెన్నింగ్స్, ఆయన సహచరులు కుక్కల హృదయ ధమనిని కొంతసేపు బంధించి విడిచిపెట్టి చూచిరి. ధమనిని బంధించియే ఉంచినప్పుడు నెమ్మదిగా వచ్చు వినాశ చిహ్నములు, రక్తమును విడిచినప్పుడు త్వరగా కనిపించెను. కనుక హాని కల్పితము కాదు.

హిస్టమిన్ పుట్టుపూర్వోత్తరములు

మన ఆహారములోని మాంసకృత్తులలో హిస్టిడిన్ అను అమైనో ఆమ్లము కలదు. దానినుండి బొగ్గుపులుసు వాయువు తొలగినచో హిస్టమిన్ ఏర్పడును. దీనిని 1907లో విండౌస్, వోగ్ట్ ప్రయోగశాలలో తయారుచేసిరి. 1910లో డేల్, లెయిడ్లా జంతువులపై దాని ప్రభావమును వర్ణించిరి. 1927లో బెస్ట్, డేల్, డడ్లీ, థార్ప్ తాజా కాలేయమునుండి, ఊపిరితిత్తులనుండి దానిని వేరుచేసి, అది దేహములో సహజముగనే ఉన్నదని నిరూపించిరి. ఎర్లిక్ 1878లోనే పేరుపెట్టిన మాస్ట్ కణములు దానికి గిడ్డంగులని 1953లో రైలీ, వెస్ట్ చూపిరి.

ఈ చరిత్రలో మన విమర్శకు మిక్కిలి పనికివచ్చువాడు సర్ థామస్ లూయిస్. ఆయన 1927లో మానవ చర్మములోని రక్తనాళములను గురించి ఒక గ్రంథము ప్రచురించెను. అందలి ముఖ్య ప్రయోగమును ఏ ఉపాధ్యాయుడైనను తరగతిలో చూపవచ్చును. మొద్దుగానున్న కొలబద్ద అంచుతో ముంజేతిపై గట్టిగా ఒక గీత గీసినచో మొదట ఎఱ్ఱని గీత కనిపించును. పిదప దాని చుట్టును ఎరుపు వ్యాపించును. కొందరిలో గీత వెంబడి చర్మము ఉబ్బును. చర్మములో హిస్టమిన్ ద్రావణమును గుచ్చినప్పుడు కూడ ఈ మూడు మార్పులే కలుగును.

ఇంత పోలిక కనిపించినను లూయిస్ ఆ పదార్థమును హిస్టమిన్ అని పిలువలేదు; "హెచ్-పదార్థము" అని మాత్రమే పిలిచెను. హిస్టమిన్ వలె ప్రవర్తించునది అని దాని భావము. పోలిక వేరు, నిరూపణ వేరు అని ఆయన ఎరుగును. ఆయన తరువాత వచ్చినవారిలో కొందరు ఆ పేరును మరచిపోకున్నను, దానిలోని జాగ్రత్తను మరచిపోయిరి.

అభియోగమునకు అనుకూలమైన సాక్ష్యము

హిస్టమిన్‌పై మోపిన నేరము నిరాధారమైనది కాదు. దానికి మూడు విధములైన సాక్ష్యములు కలవు.

మొదటిది, అది అక్కడ ఉన్నది. 1998లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కుక్క హృదయమునకు రక్తమును ఆపి తిరిగి విడిచినప్పుడు, ఆ హృదయమునుండి వచ్చు శోషరసములో హిస్టమిన్ పెరిగెను. మాస్ట్ కణములు తమ రేణువులను వెలిగ్రక్కినట్లు కనిపించెను.

రెండవది, దానికి ఆ శక్తి కలదు. హిస్టమిన్ తగిలినప్పుడు సూక్ష్మ సిరల లోపొర కణములు కొంచెము ముడుచుకొని వాటి నడుమ సందులు ఏర్పడును. ఆ సందుల ద్వారా ప్లాస్మా బయటికి ఊరి వాపు కలుగును. అంతేకాక ఆ కణముల ఉపరితలమునకు పి-సెలెక్టిన్ అను అంటుకొను పదార్థము వచ్చును. రక్తములో కొట్టుకొనిపోవు తెల్లకణములు దానికి తగిలి వేగము తగ్గి దొర్లుచు గోడవెంట చేరును. కుబెస్, కన్వర్ దీనిని 1994లో చూపిరి.

మూడవది, అది ఇతర దోషులతో చేతులు కలుపును. రక్తము అందని కణములో శక్తినిచ్చు ఏ.టి.పి. విచ్ఛిన్నమై హైపోజాంథిన్ పోగుపడును. రక్తము తిరిగి వచ్చి ప్రాణవాయువు అందగానే జాంథిన్ ఆక్సిడేజ్ అను ఎంజైము దానిపై పనిచేసి సూపరాక్సైడ్ అను తీవ్రమైన పదార్థమును పుట్టించును. పిల్లుల ప్రేవులపై చేసిన ప్రయోగములతో గ్రేంజర్, ఆయన సహచరులు ఈ మార్గమును 1981లో ముందుకు తెచ్చిరి. రక్తనాళ కణములలో హిస్టమిన్ ఈ ఎంజైము పనిని హెచ్చించునని 1989లో మరికొందరు చూపిరి. ఇటువైపు ఆ తీవ్ర పదార్థములు మాస్ట్ కణములను రేపి మరల హిస్టమిన్‌ను విడుదల చేయించును. ఇది ఒక విషవలయము.

సాక్ష్యములోని లోపములు

ఈ మూడును చదివినచో నేరము ఋజువైనదనియే తోచును. కాని ఒక్కొక్కదానిని అడ్డుప్రశ్న వేసి చూడవలెను.

మాస్ట్ కణములు హిస్టమిన్‌కు గిడ్డంగులు. నిప్పంటుకొనిన గిడ్డంగినుండి సరకు వీధిలో పడుట సహజము. కణములు చెడినందువలన హిస్టమిన్ వచ్చినదా, హిస్టమిన్ వచ్చినందువలన కణములు చెడినవా? అక్కడ ఉన్నదని చూపినంత మాత్రమున ఇది తేలదు.

ప్రేవుల విషయములో ఇంకొక చిక్కు కలదు. హిస్టమిన్‌ను విరుగగొట్టు డయమైన్ ఆక్సిడేజ్ అను ఎంజైము ప్రేవుల లోపొరలో సమృద్ధిగా ఉండును. రక్తము అందక ఆ పొర చెడినప్పుడు ఎంజైము కూడ పోవును. అప్పుడు రక్తములో హిస్టమిన్ హెచ్చుగా కనిపించినచో, విడుదల హెచ్చినదనియే చెప్పలేము, ఖర్చు తగ్గియుండవచ్చును. తొట్టిలో నీటిమట్టము పెరిగినప్పుడు కుళాయిని మాత్రమే చూచి తూమును చూడకపోవుట వంటిది ఈ పొరపాటు.

ఇక మాస్ట్ కణములను నిగ్రహించు మందులిచ్చినప్పుడు జంతువులలో హాని తగ్గినదను ప్రయోగములు కలవు. ఇవి విలువైనవే. కాని మాస్ట్ కణములో హిస్టమిన్ ఒక్కటే లేదు. ట్రిప్టేజ్, కైమేజ్ అను మాంసకృత్తులను కోయు ఎంజైములు, హెపారిన్, వాపును రేపు టి.ఎన్.ఎఫ్. అను పదార్థము మొదలైనవి కూడ కలవు. సంచి మూతి బిగించినచో సంచిలోనివన్నియు లోపలనే ఉండును. అందులో ఒకదానినే దోషిగా ఎట్లు ఎంచగలము? మాస్ట్ కణములు పుట్టుకతోనే లేని ఎలుకలను వాడిన ప్రయోగములకును ఇట్టి లోపమే కలదు. అట్టి ఎలుకలలో కొన్ని జాతులకు రక్తహీనత మొదలైన ఇతర లోపములు కూడ ఉండును.

హిస్టమిన్‌ను మాత్రమే అడ్డగించు మందులు వాడవచ్చును గదా అని విద్యార్థి అడుగవచ్చును. ప్రశ్న మంచిదే. 1937లో బోవే, స్టౌబ్ ఆరంభించిన ఈ మందుల పరిశోధన వైద్యమునకు గొప్ప ఉపకారము చేసినది. బోవేకు 1957లో నోబెల్ బహుమానము లభించుటకు ఇదియు ఒక కారణము. కాని ఆ తొలితరపు మందులలో అనేకములు అసిటైల్‌కోలిన్ చర్యను కూడ అడ్డగించును. పెద్ద మోతాదులలో కణపొరలపై ఇతర ప్రభావములు చూపును. అట్టి మందుతో లాభము కనిపించినచో అది ఏ గుణము వలన వచ్చినదో వేరుచేయుట కష్టము.

జంతుభేదము మరియొకటి. గినీపంది హిస్టమిన్‌కు మిక్కిలి లొంగిపోవును. ఎలుక దానికి చాలవరకు తట్టుకొనును; పైగా దాని మాస్ట్ కణములలో సెరటోనిన్ కూడ ఉండును. ఒక జంతువులో కనిపించిన ఫలితమును మరియొక జంతువునకు, అందునుండి మనుష్యునకు అన్వయించునప్పుడు ఈ భేదమును దాటవేయరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది చివరిది. హిస్టమిన్ చర్య ఒక్క తీరున ఉండదు. దానికి నాలుగు విధములైన గ్రాహకములు కలవు. మొదటిదాని వలన నాళములు కారును. జేమ్స్ బ్లాక్ బృందము 1972లో నిరూపించిన రెండవ గ్రాహకము జఠరములో ఆమ్లమును స్రవింపజేయును. కాని అదే గ్రాహకము తెల్లకణములపై ఉండి వాటి ఉద్రేకమును తగ్గించును. 1983లో గుర్తింపబడిన మూడవది హృదయములోని నాడుల చివరలపై ఉండి, రక్తము అందనప్పుడు నార్అడ్రినలిన్ మితిమీరి కారకుండ అడ్డుకొనును. కనుక ఒక చేతితో తలుపు తెరచునదియే, ఇంకొక చేతితో మంట ఆర్పుచున్నది. ఇట్టిదానిని కేవలము శత్రువనుట న్యాయము కాదు.

చికిత్స చెప్పు సాక్ష్యము

ఏ చికిత్స రోగిని నిలబెట్టినదో చూచినచో ఏది చంపుచున్నదో కొంత తెలియును. 1982లో లెబనాన్‌లోని టైర్ పట్టణములో ఒక భవనము కూలినప్పుడు, శిథిలములనుండి తీసిన ఏడుగురికి ఆలస్యము చేయక సిరల ద్వారా ద్రవములను విస్తారముగా ఎక్కించిరి. వారిలో ఒక్కరికిని మూత్రపిండములు చెడలేదు. నలిగిన కండరమునుండి వచ్చు మయోగ్లోబిన్, నాళములనుండి కారిపోయిన ద్రవము, ఇవి అక్కడ ప్రధాన శత్రువులని దీనివలన తెలిసినది. నాళములు కారుటలో హిస్టమిన్‌కు వంతు ఉండవచ్చును. కాని ప్రాణము నిలిపినది హిస్టమిన్ విరోధి కాదు, ఉప్పునీరు.

హృదయములోనైతే కథ ఇంకను క్లిష్టమైనది. రక్తము తిరిగి వచ్చు క్షణములలో కణములోనికి కాల్షియము ముంచుకొని వచ్చును. మైటోకాండ్రియా పొరలో రంధ్రము తెరచుకొనును. కణము శక్తిహీనమై నశించును. నేడు శాస్త్రజ్ఞులు ప్రధానముగా పరిశీలించుచున్నది ఈ ఘట్టమునే. ఇచ్చటను గర్వింపదగిన స్థితి లేదు. ఆ రంధ్రమును మూయునని ఆశించిన సైక్లోస్పోరిన్ మందును 970 మంది రోగులలో పరీక్షింపగా మేలు కనిపించలేదని 2015లో తేలినది. జంతువులలో ఫలించినది మనుష్యులలో ఫలించకపోవుట ఈ శాస్త్రములో పలుమార్లు జరిగినది. పునఃప్రసరణ హానిని నివారించుటకు హిస్టమిన్ విరోధులు పనికివచ్చునని మనుష్యులలో నేటికిని స్థిరపడలేదు.

ఈ సందర్భమున ఒక హెచ్చరిక అవసరము. రక్తము తిరిగి పారుట హానికరమని విని, గుండెపోటులో రక్తనాళమును తెరచుటయే తప్పని ఎవరును తలపరాదు. 1986లో ఇటలీలో పదకొండు వేలకు పైగా రోగులపై జరిగిన పరీక్షలో, గడ్డను కరిగించు స్ట్రెప్టోకైనేజ్ ఇచ్చినవారిలో 21 దినములలో మరణములు నూటికి 10.7, ఇవ్వనివారిలో 13. తొందరగా ఇచ్చినకొలది లాభము హెచ్చు. గండి పడునని భయపడి చేనిని ఎండబెట్టు రైతు ఉండడు. ఛాతిలో నొప్పి వచ్చినప్పుడు ఆసుపత్రికి పోవుటలో జాగు చేయరాదు. జలుబు మాత్ర మ్రింగి గుండెను కాపాడుకొందుమని అనుకొనుట అంతకంటె ప్రమాదము.

తరగతిలో ఏమి చెప్పవలెను?

మొదట ఉదాహరించిన వాక్యమును పూర్తిగా కొట్టివేయనక్కరలేదు, సవరించిన చాలును. "రక్తము తిరిగి పారినప్పుడు మాస్ట్ కణములనుండి విడుదలయగు హిస్టమిన్, సూక్ష్మ నాళములను కారునట్లు చేసి, తెల్లకణములను చేరదీసి, ఇతర కారణములతోపాటు హానికి తోడ్పడగలదు, దాని వంతు అవయవమునుబట్టి, జంతువునుబట్టి, గ్రాహకమునుబట్టి మారును." వాక్యము పొడవైనది, నిజమే. కాని ఇందులోని ప్రతి మాటకును ఒక ప్రయోగము ఆధారముగా కలదు.

ఏ పదార్థమునైనను ఒక వ్యాధికి కారణమని చెప్పినప్పుడు విద్యార్థులచేత నాలుగు ప్రశ్నలు అడిగింపవలెను. అది అక్కడ ఉన్నదా? హానికి ముందే వచ్చినదా, తరువాత వచ్చినదా? దానిని మాత్రమే చేర్చినచో అట్టి హాని కలుగునా? దానిని మాత్రమే తొలగించినచో హాని తగ్గునా? హిస్టమిన్ మొదటి ప్రశ్నకు చక్కగా, మూడవదానికి కొంతవరకు సమాధానము చెప్పినది. రెండవ, నాల్గవ ప్రశ్నలకు అది చెప్పిన సమాధానము ఇంకను తడబడుచున్నది. లూయిస్ ఒక్క అక్షరముతో పేరుపెట్టి నిలిచిపోయిన చోట నిలువగలుగుట కూడ శాస్త్రజ్ఞానములో భాగమేనని మన విద్యార్థులు గ్రహింతురు గాక.