గొంగట్లో వెంట్రుకలు

హైదరాబాద్ శివారు అన్నోజిగూడలో ఇంకా ఇళ్లు కట్టని ప్లాట్లలో ఓ మంద మేస్తోంది. పక్కనే తుమ్మచెట్టు కింద, అప్పుడే కత్తిరించిన నల్లబొచ్చు గాలికి దొర్లుతోంది. "ఇది అమ్మరా పెద్దయ్యా?" అంటే కాపరి నవ్వాడు. "గీ బొచ్చు ఎవలు కొంటరు సారూ? కత్తిరించినోనికి మేమే పైసలియ్యాలె. కావాల్నంటే మీరే పట్టుకపోండ్రి."

సంచినిండా పట్టుకొచ్చాను. ఇంట్లో దానికి ఎలాంటి స్వాగతం దొరికిందో ఈ కాలమ్ చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. చేత్తో చేసుకోగలిగింది కొనకూడదన్నది నా పాత పాటే. ఆ పాట పుణ్యాన మా బాల్కనీలో తకిలి, రాట్నం, రకరకాల ఉన్ని సంచులు ఎప్పట్నుంచో కాపురం ఉంటున్నాయి.

ఒక్కో గొర్రెది ఒక్కో స్వభావం. మెరినో పోగు సన్నం, 20 మైక్రాన్లకు అటూ ఇటూ. వేళ్ల మధ్య నుంచి జారిపోతూ ఉంటుంది. పురి గట్టిగా ఎక్కించకపోతే దారం విడిపోతుంది. బికనేర్ వైపు మగ్రా ఉన్నికి మెరుపెక్కువ. నేను తెచ్చిన మన దక్కనీ గొర్రె పోగు మెరినోకు రెండింతల మందం, పైగా బిరుసు. కడిగితే ఎర్రమట్టి నీళ్లు, ఏకితే పల్లేరుకాయలు. కదురు తిప్పుతుంటే పురికి లొంగని మొండి వెంట్రుకలు దారంలోంచి బయటికి పొడుచుకొస్తాయి. వాటిని ఒక్కొక్కటే పీకుతూ కూర్చున్నాను. మా ఆవిడ చూసి, "గొంగట్లో తింటూ వెంట్రుకలేరడం అంటే విన్నాను గానీ, గొంగడి నేయకముందే ఏరేవాళ్లను ఇప్పుడే చూస్తున్నా" అంది.

ఆ మాటతో మా ఊరి కురుమవాడ కళ్లముందుకొచ్చింది. అక్కడ ఓ అవ్వ అరుగు మీద కూర్చుని, కోడలిని తిడుతూ, కోళ్లను అదిలిస్తూ, మమ్మల్ని పలకరిస్తూ రాట్నం తిప్పేది. చూపు ఎటున్నా పోగు తెగేది కాదు, వెంట్రుకా ఏరేది కాదు. మగవాళ్లు పడుగును వీధి పొడుగునా వేపచెట్టు నీడలో సాగదీసి, ఉడికించిన చింతగింజల గంజి పెద్ద కుంచెతో పట్టించేవాళ్లు. ఆ గంజి వాసన వాడంతా ఉండేది. గంజి ఆరాక దారం పుల్లలా గట్టిపడి గుంటమగ్గం ఎక్కేది. అలా తయారైన గొంగడి వానలో గొడుగు, రాత్రి కావలిలో పక్క, ఎండలో నీడ. నెత్తిన మడిచి కప్పుకుంటే చిన్న గుడిసెలా నిలబడేది. మెరినో శాలువా అలా నిలబడదు, మెడ మీద వాలిపోతుంది. నేను పీకి పారేసిన ఆ బిరుసుతనమే గొంగడికి వెన్నెముక. బీరప్పను కొలిచే ఈ ఇళ్లలో కొందరు పెళ్లికి కట్టుకునే కంకణం కూడా ఉన్నిదే.

అందుకే ఇంటింటా తకిలి తిరగాలి, దక్కనీ గొర్రెను మనమే బతికించుకోవాలి అని ఈ కాలమ్ ముగించాలనుకున్నాను. మధ్యలో లెక్క అడ్డొచ్చింది. గొర్రెకు ఏడాదికి రెండుసార్లు కత్తిరించినా కిలో బొచ్చు రావడం కష్టమే. ఆ కాస్తయినా నేను ఏడాదిలో వడకలేను. మంద ఉన్నినంతా నాలాంటివాళ్లు ఎంతమంది బాల్కనీల్లో కూర్చుంటే వడకగలరు?

కాపరి లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఆయనకు తిండి పెట్టేది మాంసం. నెల్లూరు గొర్రెకు చెప్పుకోదగ్గ ఉన్నే లేదు, ఒంటినిండా పొట్టి వెంట్రుకలే. కానీ దేశంలో అంత ఎత్తు గొర్రె మరొకటి లేదు. ఆ పొట్టేలును దక్కనీ మందలోకి వదిలితే పిల్ల బరువు తూగుతుంది, ఉన్ని పలచబడుతుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో ఒక్కో లబ్ధిదారుకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు కూడా పక్క రాష్ట్రాల నుంచి వచ్చినవాటిలో ఉన్ని లేని జాతులు చాలానే ఉన్నాయి. ఇందులో కాపరి తప్పేమీ లేదు. కొనేవాడు లేని ఉన్ని కోసం గొర్రెను మేపమని చెప్పడానికి నేనెవర్ని?

కాబట్టి నా పాత పాట ఈ ఒక్కచోట చెల్లదు. గొంగడిని చేసుకోవడం కాదు, కొనాలి. అదీ నేసినవాళ్ల చేతికే డబ్బు అందేలా. గీరుకుంటుందని మెత్తటి రకం అడక్కండి, బేరం అసలే చేయకండి. మగ్గం ఆడితేనే బొచ్చుకు ధర, ధర ఉంటేనే మందలో నల్లగొర్రెకు చోటు. నేను వడకడం మానను. వేళ్లకు అది అలవాటైంది, బాగుంటుంది. కానీ అది నా సరదా. దానికి దక్కనీ గొర్రె ఉద్ధరణ అని పేరు పెట్టుకోను.