జున్ను వండే చేయి

తోడు వెయ్యకుండా, నిమ్మకాయ పిండకుండా, గుడ్డు గిలక్కొట్టి కలపకుండా, ఒట్టి ఆవిరి తగిలితే చాలు పాలు వాటంతటవే గట్టిపడే వంటకం మన వంటింట్లో జున్ను ఒక్కటే. పూతరేకంటే ఆత్రేయపురం, కాజా అంటే తాపేశ్వరం, రోజ్ మిల్క్ అంటే రాజమండ్రి అని గోదావరి జిల్లాలు ఒక్కో తినుబండారాన్నీ ఒక్కో ఊరికి రాసిచ్చేశాయి. జున్నుకి మాత్రం ఊరు లేదు. గేదె ఈనిన ప్రతి ఇల్లూ దాని ఊరే. ఇప్పుడు రోడ్ల పక్కన డబ్బాల్లో అమ్ముతున్నా, అది మొదట్నుంచీ ఇంటి సరుకు, ఇరుగుపొరుగుకి గిన్నెల్లో పంచే సరుకు. అందుకేనేమో, ఆ పనిలో ఉన్న నేర్పు చాలామంది కంటికి ఆనదు. పాలతో చేసే పనులన్నిటిలోకీ నేను ఎక్కువ గౌరవించేది ఈ పనినే.

మా మేనత్తది కోనసీమ. పాడి ఉన్న ఇల్లు. జున్నుపాలు వంటింట్లోకి రాగానే ఆవిడ అడిగే మొదటి మాట "ఇవి ఏ పూటవే?" అని. వంటంతా ఆ ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది. ఈనగానే పిండినవి ముర్రుపాలు. చిక్కగా, జిగటగా ఉంటాయి; గిన్నె వంచితే నిదానంగా దిగుతాయి. పూట పూటకీ పలచబడుతూ వచ్చి, నాలుగైదు రోజులకి మామూలు పాలైపోతాయి. ఆవుల మీద చేసిన కొలతల్లో మొదటి పూట పాలలో మాంసకృత్తులు నూటికి 14 పాళ్ళ దాకా తేలాయి. మామూలు ఆవుపాలలో అవి 3 పాళ్ళకి కాస్త ఎక్కువ, అంతే. పెరిగినదాంట్లో చాలా భాగం దూడని రోగాల నుంచి కాపాడే ఇమ్యునోగ్లోబులిన్లు. వీటికి వేడి పడదు. 70 డిగ్రీలు దాటాక మడతలు విప్పుకుని, ఒకదానికొకటి అల్లుకుని, ఆ అల్లికలో నీటినీ వెన్ననీ పట్టేసుకుంటాయి. గుడ్డులోని తెల్లసొన ఉడికేటప్పుడు జరిగేది కూడా ఇదే. మామూలు పాలలో ఎక్కువగా ఉండే కేసీన్ తీరు వేరు. ఎంత మరిగించినా అది గడ్డకట్టదు. మనం రోజూ పాలు కాచుకోగలుగుతున్నది, పాలలో బియ్యం ఉడికించి పరమాన్నం వండగలుగుతున్నది దాని చలవే.

కాబట్టి మొదటి పూట పాలని ఉన్నవున్నట్టు ఆవిరికి పెడితే కత్తికి కూడా లొంగని ముద్ద వస్తుంది. మూడోనాటి పాలలో మామూలు పాలు ఎక్కువ పోస్తే ఎంతసేపు ఉంచినా గిన్నెలో కదులుతూనే ఉంటుంది. ఈ రెంటికీ మధ్య సరైన చోటు పట్టుకోవడమే అసలు విద్య. మొదటి పూటవైతే గ్లాసుకి మూడు గ్లాసుల మామూలు పాలు, రెండో పూటవైతే ఒకటిన్నర, ఆ తర్వాతవైతే అర అని ఒక అంచనా ఉంది. కానీ గేదె గేదెకీ తేడా, ఈత ఈతకీ తేడా. మా అత్తయ్య అంచనాని నమ్ముకుని ఊరుకోదు. కలిపిన పాలు రెండు చెంచాలు చిన్న గిన్నెలో పోసి, ముందు దాన్ని ఆవిరికి పెడుతుంది. చల్లారాక వేలితో నొక్కి చూసి, "ఇంకో అరగ్లాసు పడుద్దే" అంటుంది. లేదా ఏమీ అనకుండా జున్నుపాలే ఇంకాస్త పోస్తుంది. పది నిమిషాల ఆ పరీక్ష గిన్నెడు పాలని కాపాడుతుంది. వంటల పుస్తకాల్లో కొలతలు దొరుకుతాయి గానీ, కొలతని ఇలా ఆనాటి పాలనే అడిగి తెలుసుకోవడం పెద్దవాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి.

కలిపే పాలు చల్లగా ఉండాలి. వేడిపాలు పోస్తే అవి తగిలిన చోటల్లా జున్ను అప్పుడే పోగులు పోగులుగా కట్టేస్తుంది, ఇంక నునుపు రాదు. బెల్లం కూడా చల్లటి పాలలోనే కరగాలి. తురిమి వేసి, చేత్తో కలిపి, పలచటి బట్టలో వడకట్టాలి. చెరుకు పీచూ ఇసుకా బట్టలో ఉండిపోతాయి. పరమాన్నానికైతే బెల్లం ఎప్పుడూ పొయ్యి మీంచి దించాకే కలుపుతాం. బెల్లంలో ఉండే కొద్దిపాటి పులుపూ లవణాలూ మరిగే పాలని విరిచేస్తాయి. జున్నులో పాలు మరిగే ఘట్టమే రానివ్వం కనక బెల్లం ముందే వేసుకోవచ్చు. ఇక మిరియాలు, ఏలకులు. మిరియాలు మెత్తగా పొడి చేస్తే జున్నంతా బూడిదరంగుకి తిరుగుతుంది. కచ్చాపచ్చాగా దంచితే అడుక్కి దిగిపోతాయి. అత్తయ్య ఏలకుల పొడి ముందే కలిపేసి, మిరియాలు మాత్రం చేతిలో పట్టుకుని ఉంటుంది. మూత తీసి, పైన పలచటి పొర కట్టిందని చూశాక చల్లుతుంది. అవి మునగవు, తేలవు, ఆ పొరలోనే నిలబడిపోతాయి. ముక్క నోట్లో పెట్టుకుంటే మొదట తగిలేది మిరియం ఘాటు, ఆ వెనక బెల్లం, చివర్న పాలు. ఎవరూ గమనించకపోయినా ఆవిడ ప్రతిసారీ అలాగే చేస్తుంది.

ఆవిరి పెట్టడంలో ఇంకా జాగ్రత్త కావాలి. పెద్ద గిన్నెలో నీళ్ళు, అందులో స్టాండు, దాని మీద పాలగిన్నె. మూతకి లోపలివైపు అత్తయ్య పలచటి బట్ట కడుతుంది, ఆవిరి చుక్కలు జున్ను మీద పడి గుంటలు పెట్టకుండా. నీళ్ళు తెర్లకూడదు. అడుగున చిన్నచిన్న బుడగలు లేస్తూ ఉంటే చాలు. మంట పెరిగితే అంచులు ముందు ఉడికి బిగుసుకుంటాయి, మధ్యలో ఇంకా పాలే ఉంటాయి. మధ్య ఉడికేదాకా ఉంచితే, బిగుసుకున్న అంచుల్లోంచి నీరు ఊరి చిల్లులు పడతాయి. ఆ చిల్లుల్లో ఊరే బెల్లం నీళ్ళకోసమే జున్ను తినేవాళ్ళున్నారు, వాళ్ళ రుచిని నేను కాదనను. పనితనం మాటకొస్తే మాత్రం, కోసిన ముక్క పక్క గోడ చిల్లు లేకుండా నున్నగా నిలబడాలి. ఉడికిందో లేదో చూడటానికి కొబ్బరి ఈనె గుచ్చుతుంది. ఈనె అంచు దగ్గర పొడిగా రావాలి, నడిమధ్యన కాస్త తడిగానే ఉండాలి. అప్పుడే మంట ఆపేసి మూత తియ్యకుండా వదిలేస్తుంది. గిన్నెలో మిగిలిన వేడి ఆ నడిమి వణుకుని తీర్చేస్తుంది. మధ్య కూడా గట్టిపడ్డాక ఆపితే ఆలస్యమైనట్టే.

ఇంత సన్నసెగ పట్టడం మనవాళ్ళకి గ్యాసు పొయ్యితో రాలేదు. పాడి ఉన్న ఇళ్ళలో పెరటివైపు పాలదాలి ఉండేది. గుంటలో పిడకలు రాజేసి, నివురు కప్పి, కుండెడు పాలు దాని మీద పెడితే పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాటేదాకా అవి మరగకుండా కాగుతూనే ఉండేవి. పాలు లేత గోధుమరంగుకి తిరిగి, పైన మీగడ మందంగా కట్టేది. తోడు వేసే పాలు అవే. దాలి దగ్గర పెరిగిన చేతులకి జున్ను సెగ కొత్త కాదు. దాలి చూడని మనం స్టవ్ సిమ్‌లో పెట్టి, అప్పటికీ ఎక్కువనిపిస్తే పెనం అడ్డం పెట్టి అదే సెగని తెచ్చుకోవాలి.

ఇదంతా ఈ నేల మీద పెరగడానికి కారణం నీళ్ళు. ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయి, కాలవలు వచ్చి, డెల్టా వరి పొలమైపోయింది. వరితోపాటు గడ్డివాములు, కోతల తర్వాత అదే మళ్ళలో పిల్లిపెసర, జనుము. వాటి మీద బతికేది గేదె. ఊళ్ళో నాటుగేదెలకి ముర్రా దున్నలతో సంకరం చేసి పాడి పెంచుకున్నారు. గేదెపాలలో వెన్న 7 శాతం దాటి ఉంటుంది, ఆవుపాలలో 4 దగ్గరే ఆగుతుంది. రాజమండ్రి రోజ్ మిల్క్ చిక్కదనం కూడా కాచి చల్లార్చిన పాలదే. పాలు పలచన అయితే ఎంత రోజా సిరప్ పోసినా అది రంగు నీళ్ళే.

చిక్కటి పాలని ఇంత పొగిడినా, డబ్బా పాలనీ పొడిపాలనీ చిన్నచూపు చూడటం నాకు ఇష్టం ఉండదు. గేదెపాలని పొడి చెయ్యడం సాధ్యం కాదని ఒకప్పుడు పాశ్చాత్య నిపుణులు అనేవారు. గుజరాత్‌లోని ఆనంద్‌లో హరిచంద్ మేఘా దలాయా ఆ మాట తప్పని చేసి చూపించారు. గేదెపాలపొడి తయారుచేసే కర్మాగారం అక్కడ 1955లో మొదలైంది. గేదెల మీద బతికే మన జిల్లాలకి ఆ పని విలువ బాగా తెలియాలి. వరదలొచ్చినప్పుడు లంక గ్రామాల్లో పశువుల్ని ఏటిగట్టు మీదకి తోలేస్తారు. మేత దొరకదు, పాలు తగ్గిపోతాయి, పడవ తప్ప దారి ఉండదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది. 2022 జులైలో మళ్ళీ 71 దాటింది. అలాంటి రోజుల్లో చంటిపిల్లలున్న ఇంట్లో పాలపొడి డబ్బా ఉందా లేదా అన్నది చిన్న విషయం కాదు.

పొడి కలపడానికీ ఒక చేయి కావాలి. మరిగే నీళ్ళలో గుమ్మరిస్తే ఉండ పైభాగం తడిసి బిగుసుకుని, లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. ముందు గోరువెచ్చటి నీళ్ళు కొద్దిగా పోసి ముద్ద చెయ్యాలి, తర్వాత కొంచెం కొంచెంగా జారు చెయ్యాలి. తూకంలో పొడి ఒక పాలైతే నీళ్ళు ఏడు పాళ్ళు. కలిపి కాసేపు వదిలేశాక కాస్తే పొడివాసన చాలావరకు పోతుంది. ఆ పాలతో టీ బాగుంటుంది, కోవా కూడా అవుతుంది. జున్ను మాత్రం అవదు. వేడికి గడ్డకట్టే జాతి మాంసకృత్తులు మామూలు పాలలోనే నూటికి ఒక పాలు ఉండవు. పొడి చేసేటప్పుడు తగిలే వేడికి వాటిలోనూ కొన్ని దెబ్బతింటాయి.

దూరదేశాల్లో ఉన్న మనవాళ్ళు దీనికో దారి కనిపెట్టుకున్నారు. తీపి టిన్ను పాలు (కండెన్స్‌డ్ మిల్క్) ఒక టిన్ను, అదే టిన్నుతో గడ్డపెరుగు, అదే టిన్నుతో చిక్కటి పాలు, నాలుగు చెంచాల పాలపొడి. కలిపి ఆవిరికి పెడితే ముక్కలు కోసుకునేంత గట్టిగా వస్తుంది. ఇక్కడ పని చేసేది వేడి ఒక్కటే కాదు. పెరుగు పులుపు కేసీన్‌ని కట్టేస్తుంది. పాలని చిక్కబరిచే పద్ధతికి అమెరికాలో గెయిల్ బోర్డెన్ పేటెంటు తీసుకున్నది 1856లో. పదేళ్ళకి పేజ్ సోదరులు స్విట్జర్లాండులోని చామ్‌లో టిన్ను పాల కంపెనీ పెట్టారు. 1905లో అది నెస్లేతో కలిసింది. ఇన్నేళ్ళుగా ఆ పాలని చెడకుండా ఉంచుతున్నది పంచదారే, టిన్నులో 40 శాతానికి పైగా అదే. కాబట్టి ఇందులో బెల్లానికి చోటు ఉండదు, జున్ను వాసనలో సగం అక్కడే పోతుంది. పెరుగు ఆ పూట తోడుకున్న కమ్మటిదై ఉండాలి. నురగ రాకుండా నెమ్మదిగా కలపాలి, లేకపోతే బుడగలన్నీ చిల్లులవుతాయి. మిరియం తప్పనిసరి. ఇలా శ్రద్ధగా చేస్తే అది మంచి తీపి వంటకం, అతిథికి ధైర్యంగా పెట్టొచ్చు. జున్నుతో పోటీకి పెట్టక్కర్లేదు. బజారులో జున్ను పొడి పేరుతో దొరికే ప్యాకెట్ కొనేముందు వెనకవైపు చదవండి. ముర్రుపాలపొడి ఉంటే ఒక సంగతి, చైనా గ్రాసు ఉంటే ఇంకో సంగతి.

చివరిగా దూడ సంగతి చెప్పాలి. మనుషుల్లో తల్లి రక్తంలోని రక్షక పదార్థాలు కడుపులోనే బిడ్డకి చేరతాయి. గేదె, ఆవుల్లో మావి వాటిని దాటనివ్వదు. దూడ పుట్టేసరికి దాని ఒంట్లో ఆ రక్షణ దాదాపు ఉండదు, ముర్రుపాలతోనే రావాలి. దూడ పేగు వాటిని ఉన్నవున్నట్టు పీల్చుకోగలిగేది మొదటి రోజే, అందులోనూ మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ. ఒంటి బరువులో పదోవంతు ముర్రుపాలు మొదటి రోజు పట్టించమని పశువైద్యులు చెబుతారు. 30 కిలోల దూడకి మూడు లీటర్లు. మా అత్తయ్య ఇంట్లో మొదటి పూట పాలు దూడవి. అది తాగి వదిలితేనే వంటింటికి వస్తాయి. పాడి ఉన్నవాళ్ళు మీకు తెలిసి ఉంటే జున్నుపాలు తప్పకుండా అడగండి. దూడ తాగిందా అని ముందు అడగండి. మీకు రెండో పూట పాలు దొరికితే చాలు, గ్లాసుకి గ్లాసున్నర మామూలు పాలు కలిపి, రెండు చెంచాలు పరీక్షకి పెట్టి చూసి, సన్నసెగ మీద వండుకోండి.