బొమ్మల గ్రాంథికం

రైల్వే స్టేషన్లో ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపు మీద గౌను వేసుకున్న బొమ్మ ఉంటుంది. కురుపాం మార్కెట్‌కి వచ్చే ఆడవాళ్లలో గౌను వేసుకునేవాళ్లు ఎందరు? అయినా ఎవరూ పొరబడరు. ఆ బొమ్మ వాళ్లలా ఉందని కాదు, దాని అర్థం ఎప్పుడో నేర్చుకున్నారు కాబట్టి. బడిలో అక్షరాలు నేర్చుకున్నట్టే. ఇలాంటి బొమ్మలు చదువు రానివాళ్లకీ ఇట్టే అర్థమవుతాయనే మాట సగమే నిజం.

వీటిలో బాగా వ్యాపించిన సెట్టుని 1974లో అమెరికా రవాణా శాఖ కోసం రోజర్ కుక్, డాన్ షనోస్కీ గీశారు. మొదట 34, 1979లో ఇంకో 16. కాపీరైట్ లేదు, అందుకే దేశదేశాలకీ పాకింది. పనితనానికి వంక పెట్టలేం, ఒక్క గీత ఎక్కువ ఉండదు. కానీ ఆ యాభై బొమ్మల్నీ వరసగా చూడండి. కోటు విప్పి అప్పజెప్పే చోటుకి బొమ్మ ఉంది (మే నెల విశాఖ ఉక్కపోతలో ఎవరికైనా చూపించి చూడండి!). మందు గ్లాసుకి ఉంది, అద్దె కారుకి ఉంది. చేపల బజారుకి లేదు. గుడికీ, దర్గాకీ, చర్చికీ లేదు. అవి విమానాశ్రయాల్లాంటి చోట్లకి గీసినవి కదా అంటారు. నేను అంటున్నదీ అదే. విమానాశ్రయపు మాండలికానికి విశ్వభాష అని పేరు పెట్టుకున్నాం. గ్రాంథికం కూడా అందరిదీ అనే చెప్పుకుంది, ఎవరింట్లోనూ మాట్లాడకపోయినా. గిడుగు ఎందుకు పోట్లాడాడో మనకి తెలుసు.

ఇక వన్ టౌన్. ఓడలు హార్బర్లోకి వచ్చే దారికి ఒక పక్క డాల్ఫిన్స్ నోస్, ఇంకో పక్క మూడు కొండలు. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. ఇక్కడ దారి అడిగితే "పాత పోస్టాఫీసు కాడ దిగి దర్గా కొండేపు ఎల్లండి" అంటారు. ఆ ఒక్క మాటలో బాణం గుర్తూ ఉంది, ఊరూ ఉంది. అదే పాత పోస్టాఫీసుకి ఆ సెట్టులోంచి ఏం తీసి పెడతారు? కవరు బొమ్మ. అది ప్రపంచంలో ప్రతి పోస్టాఫీసుకీ సరిపోతుంది. పాత పోస్టాఫీసంటే వన్ టౌన్ వాళ్లకి తపాలా కాదు, ఒక చోటు.

1969లో మెక్సికో సిటీ మెట్రో మొదలైనప్పుడు లాన్స్ వైమన్ ఈ తేడా పట్టుకున్నాడు. ఒక్కో స్టేషన్‌కి ఒక్కో బొమ్మ. చపుల్తెపెక్ అంటే అక్కడి పాత భాషలో మిడతల కొండ, ఆ స్టేషన్‌కి మిడత గీశారు. బయటివాళ్లకి అది మిడతే. ఊరివాళ్లకి పేరు.

వన్ టౌన్లో మూత్రశాలకి 1974 నాటి బొమ్మే ఉండనివ్వండి, ఓడ దిగిన నావికుడికి అది కావాలి. మూడు కొండలకి మాత్రం కొత్తవి గీయాలి. అక్కడొక చిక్కుంది: శిలువ, నెలవంక, నామం ఒకే బోర్డు మీదికి వస్తే ఏది ముందు, ఏది పైన అని తగాదా రావచ్చు. ఆ తగాదాకి జడిసి మూడింటికీ కలిపి ఒక కొండ, ఒక కెమెరా గుర్తు పెట్టేసి ఊరుకుంటారేమోనని నా భయం. కురుపాం మార్కెట్‌కి ఏ బొమ్మ కావాలో అక్కడ కొట్లలో కూర్చునేవాళ్లనే అడగొచ్చు. ఒక్క పూట పని.