అందరూ పిలిచే పేరు

పొగాకు మోపులు మొయ్యాలన్నా లాజరో. నడవలేని అవ్వని ఎత్తుకొచ్చి కూర్చోబెట్టాలన్నా లాజరో. సినిమా మొదలైన కాసేపటికే ఆ కేకలు వినీ వినీ నాకు చెవులు పోటెత్తాయి. ఆ కుర్రాడు మాత్రం ఒక్కసారి కూడా విసుక్కోడు.

ఇటలీ దర్శకురాలు ఆలిచే రోర్వాకర్ 2018లో తీసిన చిత్రం ఇది. ఇంగ్లీషులో 'హ్యాపీ ఆజ్ లాజరో' అన్నారు. ఆ ఏడాది కాన్ ఉత్సవంలో ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతిని మరో చిత్రంతో కలిసి పంచుకుంది.

ఇన్వియోలాతా అనే మారుమూల పల్లె. అక్కడి జనం ఒక జమీందారిణికి పొగాకు పండిస్తూ ఉంటారు. ఏటా లెక్క చూస్తే వాళ్ళకి మిగిలేది అప్పే. పంటలో వాటాకి చాకిరీ చేసే ఆ పద్ధతికి ఇటలీలో 1982 చట్టంతో కాలం చెల్లింది. ఆ సంగతి మాత్రం వాళ్ళకెవరూ చెప్పరు!

ఒకచోట జమీందారిణి కొడుకుతో అంటుంది, తను వీళ్ళని పిండుకుంటే వీళ్ళు ఆ అమాయకుణ్ణి పిండుకుంటారని. నాకు గుచ్చుకున్నది ఆ మాటే. దోపిడీకి గురైన వాళ్ళకి కూడా కేకేసి పని చెప్పడానికి ఇంకొకడు కావాలి కాబోలు.

మా దొడ్డమ్మ గుర్తొచ్చింది. భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషి. మగవాళ్ళు మా అమ్మావాళ్ళ మీద కేకలేస్తే, వాళ్ళు ఆవిడ మీద వేసేవారు. చిన్నపిల్లలం, మేమూ తక్కువ తినలేదు. ఆవిడ పోయాక అందరూ, "బంగారంలాంటి మనిషి, ఒక్కసారి కాదనలేదు" అన్నారు. కాదనే వీలు ఎవరం ఇచ్చాం?

సినిమా మధ్యలో లాజరో కొండ మీంచి పడిపోతాడు. ఏళ్ళు గడిచాక, బైబిల్లోని లాజరులా లేస్తాడు. తోటివాళ్ళంతా ముదిరిపోయారు, అతను మాత్రం అలాగే ఉన్నాడు. విడుదలైన ఆ జనం పట్నంలో రైలు పట్టాల పక్కన చిల్లర మోసాలతో బతుకుతుంటారు. వాళ్ళ కాళ్ళ దగ్గరే మొలిచిన ఆకుకూరల్ని చూపించేది కూడా అతనే. చివరికి బ్యాంకుకెళ్ళి చేతులు జోడించినంత పనిచేసేదీ తనకోసం కాదు, జమీందారిణి కొడుకు ఆస్తి తిరిగి ఇచ్చెయ్యమని. అక్కడివాళ్ళు దొంగనుకుని అతణ్ణి కొడతారు.

చిత్రం గొప్పదే, సందేహం లేదు. నా ఫిర్యాదు ఒక్కటే. దర్శకురాలు లాజరోని దేవుణ్ణి చేసింది కానీ, అతనికంటూ ఒక్క కోరికైనా ఇవ్వలేదు. మంచివాళ్ళని మనం చేసేదీ అంతే కదూ? దణ్ణం పెడితే జీతం ఇవ్వక్కర్లేదు, విశ్రాంతి ఇవ్వక్కర్లేదు.

సినిమా అయ్యాక అమ్మకి ఫోన్ చేశాను. దొడ్డమ్మకి ఏ కూర ఇష్టమని అడిగాను. అమ్మ చాలాసేపు ఆలోచించింది.

"ఏం పెట్టినా తినేదే" అంది.