స్థానం వారి స్త్రీపాత్రాభినయం

శోభనాచల నరసింహస్వామి కొలువైన ఆగిరిపల్లి వంటి నూజివీడు మామిడితోటల నడుమ ఊళ్లలోనూ, కృష్ణా డెల్టా పల్లెల్లోనూ తిరునాళ్లకు తెల్లవార్లూ సాగిన పద్యనాటకం, అంటే సంభాషణలతో పాటు రాగయుక్తమైన పద్యాలతో కథ నడిపే నాటకం, తరతరాల తెలుగువారికి పురాణాలను కళ్లకు కట్టింది. స్త్రీలు రంగస్థలం ఎక్కడం అరుదైన ఆ కాలంలో స్త్రీపాత్రలను పురుషులే ధరించేవారు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ వేషం పురుషులు కట్టే సంప్రదాయం అంతకు ముందునుంచీ ఉన్నా, ఆధునిక నాటకరంగంలో ఆ విద్యను శిఖరానికి చేర్చినవారు స్థానం నరసింహారావు.

1902 సెప్టెంబరు 23న బాపట్లలో జన్మించిన ఆయన, హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతిగా రంగప్రవేశం చేసి, తెనాలి రామవిలాస సభలో చేరి, సత్యభామగా, చింతామణిగా, రోషనారగా, కన్యాశుల్కంలో మధురవాణిగా ఆంధ్రదేశమంతటా పేరు పొందారు. 1956లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు అభినయాలనూ ఆయన నటనలో విడివిడిగా పరిశీలించవచ్చు. ఆహార్యం, అంటే వేషధారణ, అందం కోసం కాక పాత్ర కోసం ఉండాలి గనుక, రాచకన్య చీరకట్టు, వేశ్య అలంకరణ, మొగల్ అంతఃపురపు దుస్తులు ఒకదానితో ఒకటి కలవవు. ఆంగికం, అంటే అవయవాల కదలిక, ఈ విద్యలో అన్నిటికంటే ప్రమాదకరమైనది. పైట సవరించుకోవడం, మెడ తిప్పడం కాస్త అతి అయినా పాత్ర వెక్కిరింతగా మారుతుంది కాబట్టి, ఒక్కొక్క స్త్రీకి ఒక్కొక్క నడక కుదర్చడంలోనే నటుని పరిశీలన తేలుతుంది. వాచికం మాటకు, పాటకు సంబంధించినది. పురుషకంఠాన్ని పీలగా సాగదీస్తే కృత్రిమమవుతుంది. మాటలోని ఒత్తు, విరుపు, ఆగే చోటు మారితేనే స్త్రీస్వభావం పలుకుతుంది. ప్రేక్షకుల వన్స్‌మోర్ కోసం పద్యం చివర రాగాన్ని సాగదీసే అలవాటు బలపడిన రంగస్థలంపై స్థానం వారు భావానికే పెద్దపీట వేశారు. మనసులోని భావం చూపులో, ముఖంలో తానై పొటమరించడం సాత్త్వికం. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ కోసం ఆయన స్వయంగా రచించిన పాటలో ఒకే పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రతిసారీ గర్వాన్నో, గారాబాన్నో, ధీమానో కొత్తగా పలికించగల నటుని చేతిలోనే అది నిలుస్తుంది.

స్త్రీలను వేదికకు దూరం చేసిన సామాజిక కట్టుబాటు మెచ్చదగినది కాదు. అది సడలి నటీమణులు ఆ పాత్రలను చేపట్టడం న్యాయమే. అయినా ఆ కట్టుబాటు నీడలో ఎదిగిన ఈ విద్యకు నేటికీ విలువ ఉంది. 1971 ఫిబ్రవరి 21న స్థానం వారు కన్నుమూసిన ఆరేళ్లకు, 1977లో, హైదరాబాదు దూరదర్శన్ ప్రసారాలు మొదలైనాయి. రంగస్థలం మీద చివరి వరుస వరకు చేరవలసిన అభినయాన్ని టెలివిజన్ కెమెరా అతి దగ్గరగా చూపి, అతిశయాన్ని ఇట్టే పట్టిస్తుంది. కనుక రెండు రంగాల్లోనూ పనిచేసే నటులకు ఆయన పాటించిన మితం అక్షరాలా పాఠమే. తనది కాని జీవితాన్ని వెక్కిరించకుండా, గౌరవంతో గమనించి, ఆ మనిషి కోణం నుంచి పలకడం నటనకు మూలసూత్రమని స్త్రీపాత్రాభినయం నిరూపించింది. పద్యనాటకం నేర్పే ప్రతి చోటా రాగంతో పాటు ఈ సూత్రాన్నీ బోధించడం ఆ సంప్రదాయానికి జరగవలసిన నిజమైన సేవ.