ఇంటి మాటలో వాక్యం

సాయంత్రం దోసెల పిండి రుబ్బి గిన్నెలోకి తీసినాక, మూత పెట్టే ముందు మా అవ్వ మమ్మల్ని పిలిచేది. "ఇప్పుడు యాడికుందో చూసి గుర్తు పెట్టుకోండి అబ్బీ" అని గిన్నె లోపలి వైపు వేలితో చూపించేది. తెల్లవారి మూత తీస్తే పిండి అంచు దాకా పొంగి ఉండేది. "రాత్రంతా ఎవురన్నా ముట్టుకున్న్యారా? లేదు గదా! దేవుని రాజ్యమూ అట్లే. సద్దు లేకుండా లోపల్లోపలే పొంగుతాది" అనేది. మత్తయి సువార్త 13వ అధ్యాయంలో, ఒక స్త్రీ మూడు కుంచాల పిండిలో పుల్లని పిండి కలిపిన ఉపమానం ఇదేనని చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. చదివేనాటికే అది నాకు వచ్చేసి ఉంది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతపు క్రైస్తవ ఇళ్లలో ఎందరో పసివాళ్లకు బైబిలు ఇలాగే అందింది. సండే స్కూలు వారానికి ఒక గంట. వేసవి సెలవుల్లో వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) కొద్ది రోజులు. మిగతా కాలమంతా ఇంటిదే. ఆ ఇంటి బోధనలోని కిటుకు ఒక్కటే: పుస్తకంలోని మాటను ఇంటి మాటగా మార్చి పిల్లల చేతిలో పెట్టడం.

పాత దారి

ఇది నిన్న మొన్నటి పద్ధతి కాదు. దేవుని మాటలను పిల్లలకు నేర్పే పనిని ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం ఇంటి దినచర్యలోనే పెట్టింది. తిమోతికి రాసిన రెండో పత్రికలో పౌలు అతని విశ్వాసాన్ని తలచుకుంటూ, అది ముందుగా అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉన్నదని గుర్తుచేశాడు. 1529లో మార్టిన్ లూథరు తన చిన్న ప్రశ్నోత్తరిని రాసింది ఇంటి పెద్దలను కూడా దృష్టిలో పెట్టుకునే. ఒక్కో ఆజ్ఞ చెప్పడం, దాని అర్థం అడగడం, చిన్న జవాబు నేర్పడం అందులోని వరస. జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషనరీలు 19వ శతాబ్దంలో ఈ ప్రాంతానికి తెచ్చిన లూథరన్ సంప్రదాయం, తిరుపతి కేంద్రంగా ఉన్న సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చిలో ఇప్పటికీ సాగుతోంది.

1863లో మదనపల్లెకు వచ్చిన జేకబ్ చాంబర్లిన్ మిషనరీ వైద్యుడు. ఆయన తెలుగు బైబిలును సవరించే పనిలోనూ ఏళ్ల తరబడి పాలుపంచుకున్నారు. మూలంలోని మాటకు తెలుగులో ఏ మాట సరిపోతుందోనన్న వెతుకులాట అది. పసిబిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకున్న ప్రతి తల్లీ చేయాల్సింది కూడా ఆ వెతుకులాటే.

ముందు కథ, తర్వాత పుస్తకం

మన బైబిలు గ్రాంథికంలో ఉంది. నాలుగైదేళ్ల పిల్లల చెవికి అది కొత్త భాష. అందుకే ముందు కథ చెప్పాలి. పిల్లలు ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే కథ ఎక్కడో జారిందన్నమాట. అక్కడ గొంతు మార్చాలి, లేదా బిడ్డ చేతికి ఏదైనా ఇవ్వాలి. దావీదు కథకు అచ్చనగాయలు చాలు. దావీదు వాగులో ఏరుకున్నవీ ఐదు రాళ్లే. పాప గుప్పిట్లో ఐదు రాళ్లు పెట్టి, "గొల్యాతు పడిపోయినాక నీ దగ్గర ఎన్ని మిగిలాయి?" అని అడగండి. నాలుగూ లెక్కపెట్టి చూపిస్తుంది. కథ అయిపోయినాక బైబిలు తెరిచి, అందులోవే రెండు వచనాలు వేలు పెట్టి చదవండి. ఆ కథ ఎక్కడ ఉందో బిడ్డకు తెలుస్తుంది.

కంఠత వాక్యం వారానికి ఒకటి చాలు. సగం అమ్మ చెప్పాలి, మిగతా సగం బిడ్డ అందుకోవాలి. అందులో ఒక్క మాటనైనా కళ్లకు చూపించాలి. "యెహోవా నా కాపరి" అనే 23వ కీర్తన నేర్పే వారంలో, రోడ్డు మీద గొర్ల మంద అడ్డమొచ్చి బస్సు ఆగిందనుకోండి. కిటికీలోంచి కాపరిని చూపించండి. మందకు ముందున్నాడా, వెనకున్నాడా? నడవలేని పిల్లను ఎక్కడ ఎత్తుకున్నాడు? ఆ తర్వాత ఆ కీర్తనకు వేరే వివరణ అక్కర్లేదు.

పాట ఇంకా తొందరగా పట్టుబడుతుంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రైస్తవ భక్తిని మన రాగతాళాల్లో పెట్టి కీర్తనలు రాశారు. వాటి అర్థం ఐదేళ్లకు తెలియకపోవచ్చు. కానీ కుటుంబ ప్రార్థనలో రోజూ విన్న పాట బిడ్డతో పాటే పెరుగుతుంది, అర్థమూ అలాగే వస్తుంది.

భయపెట్టవద్దు

ఒకసారి నేనే తప్పు చేశాను. అబద్ధం చెప్పిన మా పాపతో "యేసయ్య చూస్తాండాడు, కొడతాడు" అన్నాను. ఆ రాత్రి ప్రార్థనకు కళ్లు మూసుకోమంటే మూసుకోలేదు. ఏమ్మా అని అడిగితే, "వస్తాడేమోనని భయం" అంది. చిన్నబిడ్డలను తన దగ్గరికి రానివ్వమన్న యేసును నేను బూచివాణ్ణి చేశానని అప్పుడు తెలిసింది. పాపను దగ్గరికి తీసుకుని క్షమించమని అడిగాను. మా ఇంట్లో క్షమాపణ గురించి జరిగిన మొదటి పాఠం అదే.

ప్రశ్నలను కూడా నొక్కేయకూడదు. "నోవహు ఓడ ఎక్కని పిల్లలు ఏమైపోయినారు?" అని అడిగితే "అట్ల అడగకూడదు" అనకండి. "నాకూ ఆ బాధ ఉంది కన్నా" అని చెప్పవచ్చు. అమ్మకూ తెలియనివి ఉన్నాయని, అయినా ప్రార్థిస్తోందని బిడ్డ చూస్తుంది.

బైబిలును ఇలా ఇంట్లోనే నేర్పడం వల్ల మేలు ఏమిటంటారా? ఇంగ్లీషు మీడియంలో చదివే మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం తడబాటే. రోజూ రెండు వచనాలు చదివే ఇంట్లో ఆ తడబాటు తగ్గుతుంది. అంతకన్నా పెద్ద మేలు మరొకటుంది. మన వీధుల్లో రకరకాల విశ్వాసాల వాళ్లు కలిసి బతుకుతారు. పొరుగువాడెవరని అడిగినవాడికి యేసు చెప్పిన కథలో, దారిన పడి ఉన్న మనిషిని ఆదుకున్నది వేరే జనానికి చెందిన సమరయుడు. మనకన్నా వేరైనవాళ్లలోని మంచిని గుర్తించే చూపు ఆ కథతో ఇంట్లోనే అలవడాలి.

ఇవ్వడమూ ఇంట్లోనే అలవడాలి. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి మందిరానికని వేరే డబ్బాలో వేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. ఆ పిడికెడు బిడ్డ చేత వేయించండి. కరువులో తొట్టి అడుగున మిగిలిన పిండితోనే ఏలీయాకు రొట్టె చేసి పెట్టిన సారెపతు విధవరాలి కథ అప్పుడు చెప్పండి. ఆ చిన్న చేతిలో పట్టేది కొన్ని గింజలే, సగం కింద పడతాయి కూడా. పడినవి ఏరి మళ్లీ వేయనివ్వండి. ఆదివారం ఆ డబ్బాను మందిరానికి మోసుకుపోయేదీ ఆ బిడ్డే కావాలి.